నూట డెబ్బై మిల్లీసెకన్లు

మా వీధి పేరు బంగాళాదుంప.
పక్కది బఠాణీ, ఆ వెనకది చిక్కుడు.
టార్టులో మా పేటని సూప్ పేట అనే అంటారు.
ఏరు పొంగితే నేలమాళిగలోకి నీళ్ళొస్తాయి,
పొంగని రోజుల్లో పొరుగింటి మాటలొస్తాయి.
చెక్క ఇల్లు. నడిమధ్య ఇటుకల పొయ్యి,
నిలువెత్తున, మూడు గదులకీ వీపు ఆనించి.

నలభై ఏళ్ళు ఊరి పియానోలన్నీ శ్రుతి చేశాను.
నా పియానోని మొన్న చలికాలం బడికిచ్చేశాను.
అది నిలబడ్డ చోట నేల రంగు ఇంకా కొత్తగానే ఉంది.
ఇప్పుడు సంగీతమంటే మూడు పెట్టెలు, మూడు కంపెనీలు:
హాల్లో ఎండెల్ కొన్న ఆంప్లిఫయరు,
వంటింట్లో లాటరీలో తగిలిన గుండ్రటి స్పీకరు,
పడకగదిలో మేనల్లుడు ఐగర్ వద్దనుకున్న నల్లది.
వాటి మీద పెత్తనానికి ఫోను కంపెనీ రౌటరు.

ఒకటి ఎడ్డెమంటే ఇంకోటి తెడ్డెం.
గుండ్రటిదానికి పాత తరంగమే తెలుసు,
కొత్తదాని పేరెత్తితే ఎర్రగా మిడుకుతుంది.
నల్లది పొయ్యి చాటున కూచుని వినబడనట్టు నటిస్తుంది.
ఆంప్లిఫయరు మాత్రం, ఎవరు తిప్పారో ఏమో,
అతిథుల నెట్‌వర్కులో చేరి కూచుంది.
పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నది,
ఇంటివాళ్ళెవరూ దాని కంటికి కనబడరు!

శనివారం ఐగర్ వచ్చాడు, బూట్లు విప్పాడు,
పొయ్యికి రెండు వైపులా తీగ లాగాడు,
అన్నిటికీ ఒకే పేరు, ఒకే తాళం మాట.
మధ్యలో రెండుసార్లు తిట్టాడు, ఒకసారి తిన్నాడు.
చీకటి పడేవేళకి
ఇల్లంతా ఒకే చెల్లో.

"బాగుందా హెల్యు అత్తా?"
బాగా లేదు.
హాల్లో కమాను తీగని తాకాక
వంటింట్లో ఇంకెవరో దాన్ని అనుకరిస్తున్నారు.
గుమ్మంలో నిలబడితే
ఒకే మనిషి రెండుసార్లు ఊపిరి తీస్తున్నాడు.
"అంత చిన్న తేడా ఎవరికీ వినబడదు," అన్నాడు.
నలభై ఏళ్ళు నాకు జీతమిచ్చింది
ఆ ఎవరికీ వినబడనిదే, నాయనా.

వాడు వెళ్ళాక మెట్రోనోము శబ్దం పెట్టాను.
టిక్ టిక్. టిక్ టిక్.
గోడకి అటొకరు ఇటొకరు నడుస్తున్నట్టు.
వంటింటిదాన్ని తొందరపెట్టే మీట ఎక్కడా లేదు.
దాన్ని చేసినవాళ్ళు ఆ వీలు ఉంచలేదు.
మిగతా రెండిటినీ ఆపడమే దారి.
సరే అనుకుని, స్టూలు గుమ్మంలో వేసుకుని
నూరు. నూట ఇరవై. నూట యాభై.
నల్లది సులువుగానే లొంగింది.
ఎండెల్ ఆంప్లిఫయరుకి ఆగడం అలవాటు లేదు,
ఆయనకీ లేదు,
బస్సు కంటే ముందే స్టాపు దాటి నడిచేవాడు.
నూట అరవై ఐదు.
నూట డెబ్బై దగ్గర
రెండు అడుగులూ ఒక అడుగయ్యాయి.
నా మెడ వెనక వెంట్రుకలకి ముందు తెలిసింది.

ఆదివారం ఐగర్ ఫోను చేశాడు: "ఇప్పుడు ఖచ్చితంగా ఉందా?"
లేదన్నాను. మూడు మిల్లీసెకన్లు వదిలేశాను.
పియానోలోనూ అంతే, ప్రతి పంచమంలో
కాస్త తప్పు మిగల్చకపోతే
ఎక్కడో ఒక స్వరం తోడేలులా ఊళ పెడుతుంది.
ఐనా సూపు కలపడానికి నాలుగడుగులు వేస్తే
ఆ లెక్కంతా మళ్ళీ మారిపోతుంది కదా.

చెల్లో మళ్ళీ పెట్టాను, కొంచెం గట్టిగానే.
మూడు గదులూ ఒకేసారి ఊపిరి పీల్చాయి.
అప్పుడు కింద ఇంట్లోంచి విర్వే
చీపురు కర్రతో కప్పు మీద కొట్టింది,
ఠక్, ఠక్, తాళానికి బాగా వెనకగా.
దాన్ని ఏ జాబితాలో వెతకాలో
ఐగర్ చెప్పలేదు.